నల్ల శిఖరం కింద నీలం

పుణ్యవతి మౌస్‌తో ఆ ఒక్క చోటును తెరనిండా పెద్దది చేసింది. హైటెక్ సిటీ రోడ్డు కోసం ఎదురుగా బండలు పేల్చిన అదురుకు మానిటర్ వణికింది. ఆమె కళ్ళు మాత్రం కదల్లేదు. డీఎన్ఏ గ్రాఫు నాలుగు రంగుల అలలుగా మళ్ళీ నిలిచింది. డీఎన్ఏ నాలుగు అక్షరాలకూ నాలుగు రంగులు: ఎ ఆకుపచ్చ, టి ఎరుపు, జి నలుపు, సి నీలం. ఒక్కో శిఖరం నెత్తిన సాఫ్ట్‌వేర్ ఒక్కో అక్షరం రాసుకుంటూ పోయింది. నూట పన్నెండో చోట నల్ల శిఖరం, దాని కడుపులోనే సగం ఎత్తుకు ఇంకొకటి, నీలంది. పైన మాత్రం ఏ అనుమానమూ లేకుండా 'జి' అని ఒకటే అక్షరం.

"కండ్లు పోయినయా నీకు?" అంది కంప్యూటర్‌తో.

ఖాజాగూడ నుంచి రోజూ వచ్చే నలభై రెండేళ్ళ మనిషి. సన్నటి మెడ, మోచేతుల దగ్గర అరిగిన తెల్లకోటు. ఇంటర్ తప్పి ఒక ల్యాబులో గాజుసీసాలు కడగడానికి చేరింది. అక్కడే పదకొండేళ్ళు ఎక్స్‌రే ఫిల్ముల మీద డీఎన్ఏ గీతలు కంటితో చదివింది. ఎడమ కన్ను మూసి చదివే అలవాటు వల్ల ఆ కంటి చుట్టూ ముడతలు ఎక్కువ. రెండేళ్ళ కిందట మాదాపూర్‌లోని ఈ ప్రైవేటు ల్యాబుకు వచ్చింది. ఇక్కడ చదివేది సాఫ్ట్‌వేర్. ఈమె పని ప్రింట్లు తీయడం.

ఈ అలలు చెన్నకేశవులువి. అతని భార్య లావణ్యకు నాలుగో నెల. ఆమెలో తలసీమియా అనే నెత్తురు జబ్బు తెచ్చే లోపం ఉందని ముందే తేలింది. భర్తలో లేకపోతే భయం లేదు. అతనిలోనూ ఉంటే, పుట్టే బిడ్డ బతికినన్నాళ్ళూ ఎవరి నెత్తురో ఎక్కించుకుంటూ బతకాల్సి రావచ్చు. కడుపులో బిడ్డకు పరీక్ష చేయించాలంటే రెండు వారాల కంటే ఎక్కువ టైము లేదు. ఏ మనిషికైనా తన అమ్మ నుంచి ఒక అక్షరం, నాన్న నుంచి వేరే అక్షరం వచ్చిన చోటే ఇలా రెండు శిఖరాలు లేస్తాయి. ఇక్కడ ఆ రెండో అక్షరమే, నీలం సి, లోపం.

అదే డీఎన్ఏను ఎదురు దిక్కు నుంచి చదివించిన గ్రాఫు కూడా తెరిచింది. అదే చోట, అదే జంట. రెండు ప్రింట్లూ పట్టుకుని మేనేజరు విశ్వేశ్వరరావు గదిలోకి వెళ్ళింది. ఆయన అప్పటికే రిపోర్టు మీద సంతకం చేసి చెన్నకేశవులుకు ఇచ్చేశాడు.

"అడుగున కాస్త చెత్త ఉంటుందండీ. సాఫ్ట్‌వేర్ జి అందిగా?"

"గదే తప్పంటున్న సార్. చెత్తయితే రెండు దిక్కులా ఒక్కతాన్నే ఎట్ల పడ్తది? ఇంకోపారి చేద్దాం."

"మీ కంటికేమన్నా సర్టిఫికెట్ ఉందా అండీ?"

పుణ్యవతికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ పెద్దమనిషి రెండేళ్ళలో ఒక్క గ్రాఫునైనా పూర్తిగా చూసిన పాపాన పోలేదు. సంతకం మాత్రం ముత్యాల్లా పెడతాడు.

ఆమె ప్రింటు మీద ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి వరండాలోకి వచ్చింది. బెంచీ మీద చెన్నకేశవులు కవరు పట్టుకుని నవ్వుతూ కూర్చున్నాడు. పక్కనే లావణ్య. పుణ్యవతి కాగితాన్ని లావణ్య ఒళ్ళో పెట్టింది.

"గీ నీలంది చూడు బిడ్డా. దీన్ని మిషిను రాయలే. ఇంకో దవాఖానల మళ్ళ చేపించుండ్రి. గీ వారంలనే."

చెన్నకేశవులు లేచాడు. "అంతా బాగుందని సారే చెప్పినాడు కదమ్మా! మధ్యలో నువ్వెవరు? మా ఇంట్లో అట్లాంటి రోగాలు లేవు!"

ఆ కేకలకు విశ్వేశ్వరరావు బయటికి వచ్చాడు. "మీరు రేపట్నుంచి రానవసరం లేదండీ," అన్నాడు. ఉద్యోగం పీకేటప్పుడు కూడా 'అండీ' వదల్లేదు మహానుభావుడు.

"రాను. పుట్టినంక ఆ బిడ్డ మొఖం మీరు చూస్తరా సార్?"

లావణ్య చూపు కాగితం మీదే ఉంది.

పుణ్యవతి లోపలికి వెళ్ళి కోటు విప్పి కుర్చీకి తగిలించింది. గ్రాఫు మూయలేదు, కంప్యూటర్ ఆపలేదు. చేతిసంచీ తీసుకుని, పదమూడేళ్ళ చదువు ఎవరికీ అక్కర్లేకపోయిందన్న మంటతో వరండాలోకి వచ్చింది. అక్కడ ఎవరూ లేరు. ఎర్ర సున్నా చుట్టిన కాగితమూ లేదు. బెంచీ మీద, ముత్యాల్లాంటి సంతకంతో, గుండ్రటి ముద్రతో, 'లోపం లేదు' అన్న రిపోర్టు మాత్రం కవరుతో సహా పడి ఉంది.