ఏమీ అడగని సాఫ్ట్‌వేర్

"బ్యాకప్ గీకప్ మనకెందుకురా భాస్కర్. మా ఇంట్ల బ్యాకప్ అంటే ఈమెనే" అన్నాడు బాలరాజు, చాయ్ గ్లాసులు పట్టుకొచ్చిన పెళ్ళాన్ని గడ్డంతో చూపిస్తూ. కంప్యూటర్లు బాగుచేసే భాస్కర్ నవ్వాడు. నాగవేణి కూడా నవ్వింది. నవ్వకపోతే ముఖం గట్లెందుకు పెట్టినవని తర్వాత అడుగుతారు. దానికి జవాబు వెతుక్కోవడం కంటే నవ్వడం తేలిక.

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. గద్వాలలో వాళ్ళది చీరలు నేయించే ఇల్లు. బాలరాజు నూలూ పట్టూ తెచ్చి మగ్గాలకు ఇస్తాడు, అయిన చీరలు హైదరాబాద్ షాపులకు వేస్తాడు. అంచుల్లో, కొంగుల్లో వచ్చే హంసలు, రుద్రాక్షలు గీసేది నాగవేణి. ఆమె కంప్యూటర్ తెర మీద గళ్ళు గళ్ళుగా గీస్తే, ఆ గళ్ళను బట్టి అట్టలకు రంధ్రాలు కొడతారు, ఆ అట్టలు మగ్గం మీదికి ఎక్కుతాయి. పోయిన వానాకాలం ఒకనాడు కంప్యూటర్ తెరుచుకోలేదు. లోపలి డిస్క్ పోయిందని, అందులోది ఏదీ తిరిగి రాదని చెప్పారు. బాలరాజు ఒక పూట తల పట్టుకుని కూర్చుని, తెల్లారి "ఇగ మొదలుపెట్టు" అన్నాడు. చుట్టాల పెట్టెల్లోని పాత చీరలు అడిగి తెచ్చుకుని, వంటకూ వంటకూ నడుమ ఆమె అన్నీ మళ్ళీ గీసింది. దసరా పోయింది, దీపావళి పోయింది. కుడి మణికట్టు వాచిపోయి రొట్టెల పిండి ఎడమచేత్తో పిసకడం నేర్చుకుంది. హైదరాబాద్ సేటు వచ్చి "నీ దగ్గర డిజైన్ పోదు బాలరాజూ" అని అతని భుజం తట్టిపోయాడు.

ఇప్పుడు హైదరాబాద్‌లో చేనేత డిజైన్ల శిక్షణకు ఆమెకు సీటు వచ్చింది. మూడు నెలలు. ఉండడానికి ఆడవాళ్ళ హాస్టల్. వచ్చే సోమవారం చేరాలి, వచ్చేదీ రానిదీ శుక్రవారం లోపల ఫోన్ చేసి చెప్పాలి. పోవద్దని బాలరాజు అనలేదు. "పో, ఎవలొద్దన్నరు. కంప్యూటర్ మళ్ళ పోతే ఎవలు గీస్తరో అదొక్కటి చెప్పిపో" అన్నాడు. అందుకే భాస్కర్‌ను పిలిపించింది. పిలిపించింది ఆమె, మౌస్ ఉన్నది ఆమె చేతిలో. అతను మాత్రం ఆమె తల మీదుగా బాలరాజుతోనే మాట్లాడుతున్నాడు.

"అన్నా, ఈ సాఫ్ట్‌వేర్ల అన్ని ఉంటయి. ఏది ఎప్పుడు దాచాల్నో, ఎన్ని కాపీలు పెట్టాల్నో, మొత్తం నీ చేతుల ఉంటది."

"అట్లనా. మంచిగున్నది" అన్నాడు బాలరాజు. కంప్యూటర్ ఆన్ చేయడం, పాటలు పెట్టుకోవడం వరకు అతనికి వచ్చు.

"నేను లేనప్పుడు ఇది ఎవరు చూడాలె?" అని నాగవేణి అడిగింది.

"అన్న చూస్తడు గద వదినా. జర ఇంకింత చాయ్ ఉంటే పొయ్యి."

ఆమె లోపలికి వెళ్ళి చాయ్ కాచి తెచ్చేసరికి ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కడం కూడా అయిపోయింది.

మరునాటి నుంచి సాయంత్రం కాగానే తెర మధ్యలో ఒక డబ్బా లేచేది. ఇప్పుడు కాపీ తీయమంటారా అని ఇంగ్లీషులో అడిగేది. నాగవేణి కావాలనే కుర్చీ అతనికి వదిలి, పక్కగదిలో బియ్యం చెరుగుతూ చూసింది. బాలరాజు వద్దని నొక్కాడు. మరుసటి సాయంత్రమూ అంతే.

"ఏమన్న అడిగిందా?"

"ఏందో అడిగింది. వద్దన్న."

"ఏమడిగిందో చూడకనే?"

"అడిగిందానికల్ల ఊఁ కొట్టుకుంట కూసుంటే పనులైతయానే."

చేటలో రాళ్ళు ఏరుతూ ఆమె ఆ మాటను చాలాసేపు లోపల తిప్పుకుంది. అతను కోపిష్టి కాడు, చేయి చేసుకునేవాడు కాడు. ఊళ్ళో అందరూ మంచోడనే అంటారు. అయితే ముందుకొచ్చి నిలబడి ఏదన్నా అడిగితే, అదేమిటో వినకముందే వద్దనడం అతనికి చేతికి వచ్చిన పని. చెల్లెలి కాన్పుకు నాలుగు రోజులు పోతానంటే వద్దు. స్కూటీ నేర్చుకుంటానంటే వద్దు. చీరల పెట్టె మీద అతని పేరు కింద తన పేరు చిన్నగా వేయిస్తానంటే, వద్దని కూడా అనకుండా నవ్వాడు. ఆ నవ్వుతో మాట అక్కడే పోయింది. ఇన్నేళ్ళ నుంచీ తాను అడుగుతూనే ఉందని, తెర మధ్యలో లేచే ఆ డబ్బాకూ తనకూ పెద్ద తేడా లేదని ఆమెకు అప్పుడు అనిపించింది. ఎవరికన్నా చెప్పుకుంటే బాగుండేది. మగ్గాల చప్పుడూ, అత్త దగ్గూ తప్ప ఇంట్లో చెప్పుకునేందుకు ఎవరూ లేరు. ఉన్నా, ఇది ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలి?

ఆ సాఫ్ట్‌వేర్‌ను తీసిపారేసింది. ఇంకోటి ఎక్కించింది. తెరిచిన ప్రతిసారీ ఫోనుకు వచ్చే నంబరు కొట్టమన్నది. ఆ నంబరు వచ్చే ఫోను, నూలు కోసం కొత్తకోట పోయిన బాలరాజు జేబులో ఉంది. అదీ తీసేసింది. మధ్యాహ్నాలన్నీ తన ఫోన్‌లో చూసి, ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటీ తెలుగులోకి మార్చి చదువుకుని మూడోదాన్ని పట్టింది. చిన్న డబ్బాలాంటి డిస్క్ ఒకటి కంప్యూటర్‌కు తగిలించి పెడితే చాలు, గీసింది గీసినట్టు అందులోకి పోతుంది. ఇంకో నకలు ఇంటర్నెట్‌లో ఉంటుంది. ఎవరినీ ఏమీ అడగదు. పోయినదాన్ని తెచ్చుకోవాలంటే తారీఖులు కనిపిస్తాయి, కావలసిన తారీఖు మీద నొక్కితే ఆనాటివన్నీ వచ్చేస్తాయి.

"అది చిన్నపిల్లల ఆటలెక్క ఉంటది వదినా, దాంట్ల ఏముంటయని?" అన్నాడు భాస్కర్ ఫోన్‌లో.

"ఏం లేవనే తీసుకున్న."

నాగవేణి ఫోన్ పెట్టేసింది. బాలరాజుకు ఏది అర్థమవుతుంది, ఎక్కడ విసుక్కుంటాడు, ఏ రంగు కనిపిస్తే భయపడతాడు, అన్నీ లెక్కపెట్టుకుని ఏరిన సాఫ్ట్‌వేర్ ఇది. తాను లేని లోటు ఎవరికీ తెలియకుండా చేసే పని కూడా తనదే అయింది. పొయ్యి మీద పప్పు చూడడానికి లేచింది.

శుక్రవారం మధ్యాహ్నం బాలరాజును కుర్చీలో కూర్చోబెట్టింది. అతను చూస్తుండగానే హంసల అంచు ఫైలును తుడిచేసింది.

"ఏం చేస్తివే, సేటు ఆర్డరది."

"నేను లేను అనుకోన్రి. ఇగ మీరే తేవాలె. ఆ గుండ్రటిది నొక్కున్రి. నిన్నటి తారీఖు."

బాలరాజు నొక్కాడు. హంసలు వరసగా తెర మీదికి వచ్చాయి. తానే పొదిగినంత సంబరపడ్డాడు. మళ్ళీ తుడిచి మళ్ళీ తెచ్చాడు. "అమ్మా, ఇటొచ్చి చూడు" అని తల్లిని పిలిచాడు. భాగ్యమ్మ గడప దగ్గరే నిలబడి చూసింది.

"బాగనే ఉన్నది. మరి నా గోళీలు ఎవలిస్తరు? పొద్దుగాల ఏది మింగాలె, మాపటికి ఏది మింగాలె, నాకేం తెల్సు?"

"దానికి గూడ ఏదన్న సాఫ్ట్‌వేర్ ఎక్కిచ్చి పోతది తియ్యి" అని బాలరాజు తన మాటకు తానే నవ్వుకుని, తెర మీది నుంచి చూపు తిప్పకుండానే అన్నాడు. "అయినా ఇప్పుడేం తొందరనే. మళ్ళొకసారి వస్తది గద సీటు, అప్పుడు చూద్దాం."

గోళీలను డబ్బాలో పూటపూటకూ సర్ది పెట్టడం ఆమెకు పెద్ద పని కాదు. దాని తర్వాత నూలు రంగుల సంగతి వస్తుంది. ఆ తర్వాత ఎవరిదో పెళ్ళి వస్తుంది. ఒక్కొక్కదానికీ ఉపాయం వెతికి ఇంట్లో అమర్చిపెట్టగలదు. అమర్చుకుంటూ ముసలిదై కూడా పోగలదు. నాగవేణి కొంగుతో చేయి తుడుచుకుని, ఆ గదిలోనే, అతని పక్కనే నిలబడి ఫోన్ తీసింది.

"నమస్తే అమ్మా, గద్వాల నుంచి నాగవేణిని. సోమవారం వస్తున్న. నా పేరు రాసుకోన్రి."

అవతల హాస్టల్ చూసుకునే ఆమె పేరూ ఊరూ రాసుకుంది. రాసుకుని అడిగింది. "మీ ఇంటాయన ఒప్పుకున్నాడా అమ్మా? తర్వాత మా మీదికి గొడవలు రాకూడదు."

మౌస్ మీద బాలరాజు చేయి ఆగింది. నాగవేణి అతని ముఖంలోకి చూసింది.

"పక్కనే ఉన్నడమ్మా. వింటున్నడు" అంది.