సగంలో సగం

బుడాన్ నోరు అదుపులో పెట్టుకుని ఉంటే అల్లాబక్షు మిరపకాయ చెట్టు మీదే రంగు పోయి తాలైపోయేది కాదు. ఈ మాట అల్లాబక్షు అద్దంకి బస్సులో పక్క సీటువాడికి కూడా చెబుతాడు. బుడాన్ పరాయివాడేం కాదు, సొంత పెదనాన్న కొడుకు.

ఆ ఏడు, అంటే రెండువేల రెండులో, అల్లాబక్షు భార్య ఖుర్షిదాకు థైరాయిడ్ జబ్బు ముదిరితే హైదరాబాదులో రేడియో అయోడిన్ మందు ఇచ్చారు. ఒంట్లోంచి కొన్నాళ్లు కిరణాలు వస్తాయి, పసిపిల్లలకు ఎడంగా ఉండమన్నారు. ఇంట్లో రెండేళ్ల సలీం ఉన్నాడు. అందుకని అల్లాబక్షు చేని గట్టున పాక వేసి ఆమెను అందులో ఉంచాడు. ఆ మందు ఎనిమిది రోజులకోసారి సగమైపోతుందని గుంటూరు హాస్టల్లో ఇంటరు చదివే కూతురు నజ్మీన్ చెప్పింది. ఆ ముక్కే అతను కోతకొచ్చిన ఆడవాళ్లకు చెప్పి ధైర్యమిచ్చాడు.

మందు ఇచ్చిన పదిహేడో రోజు పొద్దున బుడాన్ గట్టు మీదికొచ్చాడు.

"ఏరా, ఎనిమిదికి సగం పోతే పదహారుకి మొత్తం పోవాలిగా? ఇరవయ్యేళ్లు సగపాలుకి చేసినోణ్ణి. దొరకి సగం, నాకు సగం. పంచాక కళ్లంలో ఇంకేం మిగుల్తదిరా? మరి మీ ఆడమనిషి ఇంకా పాకలోనే ఎందుకుంది?"

అల్లాబక్షు ఆరో తరగతిలో భిన్నాల దగ్గరే బడి మానేసినవాడు. అతనికీ ఆ లెక్క సబబుగానే తోచింది.

"అది బాంబుల్లో వేసే సరుకు. కాయకి పడుతుంది, కాయ కోసే చేతికీ పడుతుంది" అన్నాడు బుడాన్.

కోత ముఠా పెద్ద జైనాబీ గోతం దులుపుకుని లేచింది. ఆమె వెనకే అందరూ లేచారు. మర్నాటి నుంచి వాళ్లంతా బుడాన్ చేలోనే కోశారు.

ఆదివారం నజ్మీన్ వచ్చింది. సంగతి విని, చెప్పులైనా విప్పకుండా నేరుగా బుడాన్ కళ్లానికి నడిచింది. అల్లాబక్షు వెనకాల పరిగెత్తాడు.

"జైనాబీ పెద్దమ్మా, ఈ కాయల కుప్ప అమ్మ ఒంట్లో మందనుకో. ఎనిమిది రోజులైంది. సగం తీసెయ్."

జైనాబీ చేత్తో సగం పక్కకు నెట్టింది.

"ఇంకో ఎనిమిది రోజులైంది. మళ్లీ సగం."

జైనాబీ మిగిలిందంతా నెట్టబోయింది. పిల్ల ఆమె చెయ్యి పట్టుకుంది.

"అంతా కాదు. ఉన్నదాంట్లో సగం. పెదనాన్న పంచేది ఒక్కసారే. ఇది ప్రతిసారీ మిగిలినదాన్నే పంచుతుంది."

సగంలో సగం, అందులో సగం. చూస్తుండగానే కుప్ప గుప్పెడైంది.

"అయితే పూర్తిగా ఎప్పటికీ పోదన్నమాట!" బుడాన్ ఎగిరాడు.

"పోదు పెదనాన్నా. చివరికి ఇదిగో, ఈపాటి మిగుల్తుంది." ఒక్క కాయ ఎత్తి చూపించింది. "దీన్ని చెరువులో వేస్తే ఊరందరికీ నోరు మండుద్దా? డాక్టర్లు చెప్పిన గడువు అయిపోయింది. తమ్ముడు పసివాడని నేనే ఇంకొన్నాళ్లు ఉండమన్నా."

ఆడవాళ్లు పక్కున నవ్వారు.

"నీ సగపాలు లెక్క నువ్వే ఉంచుకో బుడానూ" అంటూ జైనాబీ గోతం భుజాన వేసుకుంది. పాక దగ్గర ఆగి, ఖుర్షిదా చేతి మంచినీళ్లు అడిగి మరీ తాగింది.

అల్లాబక్షుకు కళ్లం మీద నిలబడి కేక వెయ్యాలనిపించింది. ఇది నా కూతురు! మాస్టారి బెత్తానికి జడిసి తను వదిలేసి పారిపోయిన లెక్కను ఈ పిల్ల మిరపకాయలతో ఊరి నోట్లో పెట్టింది. మీసం దువ్వుకుంటూ పిల్ల వెనకాలే నడిచాడు. ఏనాడూ తను ఎవరి వెనకా అంత గర్వంగా నడవలేదు.

అయితే వానకు లెక్కలు తెలియవు. అంతకు ముందు శుక్ర, శనివారాలు కురిసిన వాన, కోత ఆగిన చేలో పండిన కాయంతా తడిపేసింది. సోమవారం ముఠా వచ్చి కోసిందాంట్లో మూడొంతులు తాలే. ఆ తాలుకు వచ్చిన డబ్బు ఎరువుల కొట్టు బాకీలో ఓ మూలకు కూడా రాలేదు. నజ్మీన్ చదువు మాన్పించమన్నవాళ్లున్నారు. అల్లాబక్షు మాన్పించలేదు, అద్దంకి వెళ్లి పొలం అమ్మకం కాగితాల మీద సంతకం పెట్టి వచ్చాడు. బుడాన్ మాటకు పోయిన పొలం అక్షరాలా డెబ్బై అయిదు సెంట్లు.