మెడ మీద పేరున్న చెంబు

నేను ఒక ఇత్తడి చెంబుని. నేను పుట్టిన పంజాబులో లోటా అంటారు. గుజ్రాన్‌వాలాలో ఒక కంచరి నన్ను సాగగొట్టి, మెడ మీద ఉలితో ‘గోపాల్‌దాస్’ అని చెక్కాడు. లాలా గోపాల్‌దాస్ బట్టల వ్యాపారి, మడీ ఆచారం జాస్తి. పరాయివాడు ముట్టుకుంటే చాలు, నన్ను బూడిదతో తోమించి, నిప్పుల మీద కాల్పించి గానీ నోటికి ఆనించుకునేవాడు కాదు. ఒళ్ళు కాలినా నాకు గర్వంగానే ఉండేది. ఇంత శుచిగల మనుషుల ఇంట పడ్డానని మురిసిపోయేదాన్ని. ఎంత వెర్రిదాన్ని!

దేశాన్ని రెండు ముక్కలు చేసిన ఏడు మా ఊరు పాకిస్తాన్‌లో పడింది. ఊళ్ళోని హిందువులంతా మూటలు కట్టుకుని ఇండియా వైపు నడక మొదలుపెట్టారు. దారిలో లాలాజీకి దాహం వేస్తే పెద్దకూతురు రామ్‌రఖీ నన్ను పట్టుకుని కాలువలోకి దిగింది. గుర్రాల మీద వచ్చిన మగవాళ్ళు ఆమెను జుట్టు పట్టి లాక్కుపోయారు, ఆమె చేతిలో నేనూ పోయాను. “బాపూ!” అని ఆమె పెట్టిన కేక చెరుకుతోటలో నక్కిన లాలాజీకి వినపడింది. ఆయన చిన్నకూతుళ్ళిద్దరి నోళ్ళూ చేతులతో మూసి కదలకుండా కూర్చున్నాడు. ఆ రోజుకి మాత్రం నేనాయన్ని తప్పుపట్టను.

ఆ తరవాత జరిగింది చెప్పడానికి నాకు నోరు రాదు. ఎత్తుకుపోయినవాడు ఆమె పేరు మార్చాడు, మతం మార్చాడు, తలుపుకి బయట గొళ్ళెం పెట్టాడు. నా మెడ మీది పేరు మాత్రం ఎవరూ చెరపలేదు. రామ్‌రఖీ రోజూ దాన్ని వేలితో తడుముకునేది. ఇటువైపు మగవాళ్ళు అటు ఆడపిల్లలకి చేసిందీ ఇదేనని తరవాత తెలిసింది. మీ మగజాతికి సరిహద్దు అడ్డురాని పని ఇదొక్కటే కాబోలు.

ఏడాది దాటాక పోలీసులు ఆమెను విడిపించి, సరిహద్దుకి ఇవతల జలంధర్ దగ్గర ఒక శిబిరంలో నాతో సహా చేర్చారు. దాన్ని చూసుకునే దుర్గాంబగారు కాకినాడ నుంచి సేవకని వచ్చిన మనిషి. పిల్లను అప్పగించే ముందు, ఆ పిల్ల చేతి నీళ్ళు ఇంటివాళ్ళు తాగాలని ఆవిడ ఒక పద్ధతి పెట్టుకున్నారు. తాగనివాళ్ళు ఇంటికి తీసుకెళ్ళి ఏం చేస్తారో ఆవిడ చూసి ఉన్నారు.

లాలాజీ రోళ్ళు పగిలే ఎండలో పడి వచ్చాడు. పెదాలు చిట్లి ఉన్నాయి. రామ్‌రఖీ నన్ను నిండా నింపి రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

“పుచ్చుకోండి బాబూ, మీ అమ్మాయే ఇస్తోంది,” అన్నారు దుర్గాంబగారు.

“దాహంగా లేదమ్మా,” అన్నాడు లాలాజీ.

“ఒక్క గుక్క, బాపూ,” అంది రామ్‌రఖీ.

ఆయన కూతురి ముఖం చూడలేదు, నా మెడ చూశాడు. “ఇది మా చెంబే!” అంటూ నన్ను లాక్కుని, నీళ్ళు నేలపాలు చేసి, సంచిలో వేసుకున్నాడు.

“చెంబు సరే, అమ్మాయి మాటేవిటండీ?”

“చిన్నపిల్లలకి పెళ్ళిళ్ళు కావాలి తల్లీ. చెంబంటే బూడిదతో తోముకుంటాం.”

“సిగ్గు లేదుటయ్యా నీకు! కన్నకూతురు చెంబుపాటి చెయ్యలేదూ?” అని అరిచారు దుర్గాంబగారు.

రామ్‌రఖీ ఏడవలేదు. “నీళ్ళు పారబోయకుండా ఉండాల్సింది బాపూ. ఇక్కడ నీళ్ళకి చాలా దూరం పోవాలి,” అంది.

ఇప్పుడు ఢిల్లీలో ఉంటున్నాం. మొన్న రెండో అమ్మాయి పెళ్ళిచూపులకు మగపెళ్ళివారు వచ్చి, పెద్దపిల్ల సంగతి అడిగారు. లాలాజీ కళ్ళు తుడుచుకున్నాడు. “మానం దక్కించుకోవడానికి బావిలో దూకింది మా తల్లి. మా వంశానికి దేవత,” అన్నాడు. వాళ్ళు లేచి నిలబడి చేతులు జోడించారు. సంబంధం అక్కడికక్కడే ఖాయమైంది. అంతసేపు ఏడ్చి గొంతు ఎండిందేమో, ఆయన నన్నెత్తి గటగటా తాగాడు. ఆ పెదాలు తగిలితే నా ఒళ్ళంతా కంపరమెత్తింది. ఆయన ఎవరికీ చెప్పడు కాబట్టి మీకు నేను చెబుతున్నాను. రామ్‌రఖీ బతికే ఉంది.