వివరాలు లభ్యం కాలేదు

మా మందుల డెలివరీ కంపెనీలో పదకొండు మందిమి ఉన్నప్పుడు ఎవరైనా ఏ కస్టమరు ఖాతా అయినా తెరిచి చూసేవాళ్లం. నాలుగు వందల మందిమయ్యాక డేటా భద్రత నా నెత్తిన పెట్టారు. నేను వెంటనే రెండు రూల్స్ పెట్టాను. ఎవరు ఎవరి ఖాతా తెరిచినా నమోదవుతుంది. పని లేకుండా తెరిస్తే, ఆ సంగతి మూడు రోజుల్లో కస్టమరుకు రాసి చెప్పాలి. వెనకాల నన్ను తాళంకప్ప అంటారని తెలుసు. నాకది పొగడ్తలాగే ఉండేది.

మొదటి నెల చిట్టాలోనే ప్యాకింగ్ సెక్షన్‌లో అందరూ పిన్నిగారని పిలిచే ఆవిడ దొరికారు. ఆ పదకొండు మందిలో ఒకరు. రోజూ భోజనమయ్యాక ఒకే అమ్మాయి ఖాతా తెరుస్తున్నారు. గదిలోకి పిలిచి అడిగాను.

"మా అమ్మాయే," అన్నారు. "ఎనిమిది నెలలుగా మాటల్లేవు. అది విడిగా ఉంటున్న ఇంటి అడ్రసు అల్లుడికి నేనే చెప్పా. కాపురం నిలబడుతుందనుకున్నా. వెళ్లి దాని చెయ్యి విరగ్గొట్టాడు."

"మీరిక్కడున్నారని తెలిసీ మన దగ్గరే మందులు కొంటుందా?"

"వివరాలు ఎవరూ చూడరని నువ్వు ప్రకటన వేశావుగా. నమ్మినట్టుంది. అడ్రసు జోలికి పోనమ్మా, ఒట్టు. మందులు తెప్పించుకుంటే బతికున్నట్టేగా. కడుపుతో ఉన్నవాళ్లు వేసుకునే ఐరన్ మాత్రలు తీసుకుంటోంది. లెక్క ప్రకారం నెలలు నిండాయి."

రూలు ప్రకారం ఆవిడను హెచ్చరించి, వాళ్లమ్మ ఖాతా తెరిచి చూస్తున్న సంగతి రాసి ఆ అమ్మాయికి ఉత్తరం పంపాను.

పన్నెండు రోజులకు జవాబొచ్చింది. "పాప పుట్టింది. ఇద్దరం బాగున్నాం. నా ఖాతా చెరిపేయండి. నేను బతికున్నానని కూడా అమ్మకు చెప్పొద్దు. తెలిస్తే వెతుకుతుంది. ఆమె వెనకాలే ఆయనొస్తాడు."

నా చేత్తోనే చెరిపేశాను. కంప్యూటర్లోంచి పోయిన పేరు నా తలలోంచి పోలేదు. లిఫ్టులో, మెట్ల మీద, చేతులు కడుక్కుంటున్నప్పుడు పక్కనెవరో ఆ పేరు పలికినట్టుండేది. ఒకసారి వెనక్కి తిరిగి చూశాను కూడా. ఎవరూ లేరు. నాకు భయమేసింది.

ఖాతా చెరిపేసిన మర్నాడు మధ్యాహ్నమే పిన్నిగారు నా గుమ్మంలో నిలబడ్డారు.

"ఉండబట్టలేక ఇవాళ మళ్లీ దాని ఖాతా చూశా. వివరాలు లభ్యం కాలేదంటోంది. చనిపోయినవాళ్ల ఖాతాలు తీసేస్తారటగా. కాన్పులో ఏమన్నా అయిందా?"

"చెప్పకూడదు పిన్నిగారూ."

"వివరాలొద్దమ్మా. ఉందా, లేదా?"

నోటి దాకా వచ్చిన మాటను మింగేశాను. ఆవిడ నా మొహం చూసి జవాబు చదువుకున్నారు. నా కళ్లల్లో నీళ్లు తిరగడం కూడా చూశారు. ఇంకేమీ అడగకుండా వెళ్లిపోయారు.

పది రోజులు సెలవు పెట్టారు. తిరిగొచ్చిన రోజు పరామర్శించడానికి అందరూ ప్యాకింగ్ సెక్షన్‌లో వరస కట్టారు. నేనూ నిలబడ్డాను. నా వంతు రాగానే ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"ఆ రోజు చెప్పడానికి నీకు నోరు రాలేదు. నాకర్థమైందిలేమ్మా," అంటూ ఆవిడే నా భుజం తట్టారు.