మోత లేని పెట్టె

అలా కాదు చిలకా, మొదట్నుంచీ రాయి. మధ్యలోంచి అందుకుంటే మీ అన్నకి తలా తోకా తెలీదు. ఓడ మీద వంట చేసుకునేవాడికి మన ఇంట్లో ఏం ఉడికిందో ఎలా తెలుస్తుంది? ఏదో ఒక ఒడ్డు దగ్గరపడితే ఫోన్ చేస్తాడు. నేను మాట కూడబలుక్కునేలోపు లైను తెగిపోతుంది. మొన్న అదేగా జరిగింది! "తాతయ్యా, అమ్మ ఒకటి చెప్తోంది, నా పెళ్ళాం ఒకటి చెప్తోంది. నువ్వేం చెప్తే అదే నమ్ముతా" అన్నాడు. "ఒరేయ్, ఆ రోజు..." అన్నాను. అంతే. గురగురమని తెగింది.

అందుకే ఈ కాగితం. నాకు అక్షరాలు రావు, నీకొచ్చు. నీ సంగతి వచ్చినచోట కలం ఆగకూడదు. నేను ఆగితేనే నువ్వు ఆగు.

మీ అమ్మ వాడికేం చెప్పింది? "నీ పెళ్ళాం ఇంట్లో దొంగమైకు పెట్టిందిరా, మా మాటలు పట్టి నీకు వినిపించడానికి" అని చెప్పింది. వాడది నమ్మాడంటే ఆ పిల్ల కాపురం అక్కడితో సరి. కాబట్టి ఆ మైకు సంగతేంటో వాడికి తెలియాలి. రాశావా? ఊఁ.

మీ వదినకి ఆస్తి అంటూ ఉన్నది ఆ గొంతొక్కటే. పుస్తకాలు చదివి రికార్డు చేసే పని ఒకటి ఉందని, ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చని ఎవరో చెప్తే, ఓ కథ చదివి పంపింది. వాళ్ళు, "గొంతు బాగుంది. వెనకాల ఏదో మోటారు మోగుతోంది. ఇంకొక్కసారి చదివి పంపండి. ఈసారీ మోత ఉంటే వేరేవాళ్ళని చూసుకుంటాం" అన్నారు. ఆ సాయంత్రం లోపు పంపాలన్నారు.

ఆ మోటారు ఏంటో మనకి తెలీదా! మీ అన్న ఆటలాడుకోవడానికి కొన్న కంప్యూటరు. మీట నొక్కితే పక్కవీధి పిండిమర లేచొచ్చి మంచం కింద కూర్చున్నట్టుండేది. అందుకే మీ వదిన మైకుని ఆ పెట్టెకి వీలైనంత దూరంగా, గదికీ వంటింటికీ మధ్య చెక్క అడ్డు ఉంది చూడు, దానికి ఆనించి పెట్టుకుంది. మీకిద్దరికీ ఓ మాట కూడా చెప్పుకుంది. "అత్తయ్యా, పెట్టె మోగుతున్నంతసేపూ నేను చదువుతున్నట్టు. ఆగాక మాట్లాడుకోండి" అని. దానికి మీ అమ్మ, "బాగుంది, నా వంటింట్లో నాకే మూగనోము" అంది. అలా అన్నా సరే, పాటించింది. అబద్ధం ఎందుకు, పాటించింది.

వాళ్ళు మోత తీయమన్నాక ఆ పిల్ల పెట్టె పక్కరేకు ఊడదీసి కూర్చుంది. నన్ను టార్చిలైటు పట్టుకోమంది. లోపల చూస్తే దుమ్ము, పిల్లి ముడుచుకుని పడుకున్నట్టుంది. వరండాలోకి తెచ్చి రంగులేసే కుంచెతో దులుపుతుంటే మీ అమ్మ అటు వచ్చింది.

"తన కడుపు ఊడ్చుకుపోయింది, ఇప్పుడు పెట్టె కడుపు ఊడుస్తోంది" అంది.

నువ్వు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వావు. మీ వదిన కుంచె ఆగింది. మళ్ళీ కదిలింది. దాని బిడ్డ పోయి ఎన్నాళ్ళో కాలేదు అప్పటికి. రాయి, రాయి. ఇది మొదటి మెట్టే.

పెట్టె వెనక అరచేతిలో సగం లేని ఫ్యాను ఒకటుంది. అరుపంతా దానిదే. అది పీకేసి రెండు పెద్ద ఫ్యాన్లు తెచ్చింది. "చిన్నది కదా తాతయ్యగారూ, గాలి చాలక పిచ్చెత్తినట్టు తిరుగుతుంది. పెద్దది నిదానంగా తిరిగినా అంత గాలీ తోస్తుంది. మీరు మాట్లాడినట్టు" అంది. నన్ను వెక్కిరించే హక్కు ఈ ఇంట్లో దానికొక్కదానికే ఇచ్చాను, ఎందుకంటే అది నేను మాట పూర్తిచేసేదాకా ఆగేది.

ముందున్న ఫ్యాను బయటి గాలి లోపలికి లాగాలి, వెనకది లోపలి వేడి బయటికి తోలాలి. నాకు వెంటనే ఎక్కింది. నేను ఇటుక బట్టీ మీద బతికినవాణ్ణి. గాలి వచ్చే దారీ పోయే దారీ ఉంటేనే బట్టీ సరిగ్గా కాలుతుంది, లేకపోతే ఒకపక్క మాడి ఒకపక్క పచ్చిగా ఉంటుంది. గాలికి అడ్డం లేకుండా తీగలన్నీ వెనక్కి లాగి కట్టింది. మరమేకులు బిగిస్తే ఫ్యాను అదురు రేకుకి అంటుకుని మోగుతుందని, మేకుల బదులు రబ్బరు ముళ్ళు గుచ్చింది. పెట్టె కింద నాలుగు మూలలా నా పాత చెప్పు కోసి ముక్కలు పెట్టింది. "ఈ ఇంట్లో మీ చెప్పుకి కూడా ఓ పని దొరికింది తాతయ్యా" అన్నావు నువ్వు. అది బాగానే పేలింది. నేనూ నవ్వాను.

తర్వాత పలచటి కాగితం ముక్క తీసి వెనక ఫ్యాను దగ్గర పట్టుకుంది. బయటికి రెపరెపలాడాల్సిన కాగితం వెళ్ళి పెట్టె వెనక జల్లెడ రేకుకి అతుక్కుంది. ఫ్యాను తిరగేసి బిగించింది మరి! నువ్వు గుమ్మంలోంచి, "వదినా, నీ ఫ్యాను కూడా పుట్టింటివైపే చూస్తోందే" అన్నావు. అదీ నవ్వింది, నవ్వుతూనే విప్పి మళ్ళీ పెట్టింది. ఈసారి కాగితం ఎగిరింది.

చివర్న తెర మీద ఏదో ఏటవాలు గీత గీసింది. పెట్టె వేడెక్కేకొద్దీ ఫ్యాను ఎంత జోరు పెంచాలో ఆ గీత చెప్తుందట. ఊరికే పెరుగుతూ తగ్గుతూ ఉంటే చెవికి తగులుతుందని, ఒకే నడక నడిచేట్టు పెట్టింది. "ఇంక వినండి" అంది. నేను ఇంకా మీట నొక్కలేదనుకున్నాను. దీపం వెలుగుతోంది, చప్పుడు లేదు. నా చెయ్యి తీసుకుని పెట్టె వెనక పెట్టింది. గోరువెచ్చటి గాలి.

"పసిపిల్ల ఊపిరిలా ఉంది కదా తాతయ్యగారూ" అంది. అని, ఇంకేం మాట్లాడకుండా మేకులు ఏరుకుంది.

ఇప్పుడు అసలు పొరపాటు. ఇది మీ అన్నకి బాగా వినిపించాలి. మీ మూగనోముకి గంట ఆ మోతే. ఆ పిల్ల మోత తీసేసింది, ఇంకో గంట పెట్టాలన్న సంగతి మర్చిపోయింది. మైకు ఆ చెక్కకి ఆనించే ఉంది, అదీ మర్చిపోయింది. పెట్టె నోరు మూయించానన్న సంబరంలో ఉంది. తలుపేసుకుని, తల మీంచి మైకు దాకా దళసరి దుప్పటి కప్పుకుని, కుందేళ్ళ కథ చదవడం మొదలుపెట్టింది. దానికి దాని గొంతు తప్ప ఇంకోటి వినపడదు. నా చెవులు సగమే పనిచేస్తాయి. నేను మంచం మీద కూర్చుని దుప్పటి కదలడం చూస్తున్నాను.

అయ్యాక దుప్పటి తీసింది. చెమట కారుతోంది, ముఖం వెలుగుతోంది. "ముందు మీరే వినాలి, టార్చి పట్టినందుకు కూలి" అని ఆ చెవి తొడుగులు నా చెవులకి బిగించింది. వాటిలో నాకు అంతా వినిపిస్తుంది, సూది పడ్డా సరే.

'కుందేలు పిల్లలు ఒక్కొక్కటే బొరియలోకి దూరాయి' అని దాని గొంతు. తేనెలా ఉంది. దాని వెనకాల మీ అమ్మ.

"ఏదీ, మేడ మీదకెళ్ళిందా?"

నువ్వు. "పెట్టె మోగట్లేదుగా. బట్టలు తేవడానికి పోయుంటుంది."

"అయితే ఓసారి చెయ్యవే, ఆస్పత్రిలో ఎలా ఏడ్చిందో."

నీకు చిలక అని పేరు పెట్టింది నేనే. చిన్నప్పట్నుంచీ ఎవరి గొంతు విన్నా దించేస్తావు, అచ్చుగుద్దినట్టు. దించావు. "అత్తయ్యా, ఒక్కసారి... మొహం ఒక్కసారి చూపించండత్తయ్యా... తీసుకెళ్ళిపోకండి..." అని. ఆ ముక్కు ఎగబీల్చడంతో సహా. మీ అమ్మ నవ్వి నవ్వి, "అచ్చం అదే, అచ్చం అదే! మళ్ళీ చెయ్యి!" అంటోంది. మళ్ళీ చేశావు. కుందేలు తల్లి పిల్లల్ని లెక్కపెట్టుకుంటోంది కథలో.

కలం ఎందుకు ఆగింది? రాయి.

ఆ పిల్ల నా మొహంలోకే చూస్తోంది. "ఏమైనా మోత వినిపిస్తోందా తాతయ్యగారూ?" అంది. నా నోట్లోంచి మాట రావాలంటే ఎంతసేపు పడుతుందో నీకు తెలుసు. వచ్చేలోపే తొడుగులు లాగి తన చెవులకి పెట్టుకుంది. మొత్తం విన్నది. వెనక్కి తిప్పి ఆ ముక్క మళ్ళీ విన్నది. ఏడవలేదు. అప్పటికే నువ్వు ఏడ్చేశావుగా దాని తరఫున.

తలుపు తీసి పిలిచింది. "అత్తయ్యా, చిలకా, ఒకసారి రండి." చెవి తొడుగుల తీగ పీకి, పైకే వినిపించింది.

నువ్వు నేల చూపులు చూశావు. మీ అమ్మ చూడలేదు. "ఓహో! అందుకా మోత తీసేసింది! మా మాటలు పట్టడానికా?" అంది.

"కాదత్తయ్యా. ఉద్యోగానికి..."

"మరి మైకు నా వంటింటి గోడకే ఎందుకు ఆనించావు?"

"మోతకి దూరంగా ఉండాలని."

"మోతే లేదుగా ఇప్పుడు?"

ఏం చెప్తుంది? మర్చిపోయానంటే ఎవరు నమ్ముతారు? నోరు తెరిచి, మూసింది. మీ అమ్మకి ఆ మూసిన నోరే సాక్ష్యం. వాడికి ఫోన్లో అదే చెప్పింది, "అడిగితే గుటకలు మింగిందిరా" అని.

అయినా ఆ పిల్ల చేతులు జోడించింది. "ఇంకా టైముంది. మళ్ళీ చదివి పంపేస్తాను. కాసేపు మాట్లాడకుండా ఉండండి, అంతే అడుగుతున్నాను" అంది.

"మేం మాట్లాడం తల్లీ. మాకేం పని?" అంది మీ అమ్మ.

మాట తప్పలేదు. మాట్లాడలేదు. 'అనగనగా' అని లోపల గొంతు లేచేసరికి ఇక్కడ మిక్సీ తిప్పింది. ఆపింది. లోపల మళ్ళీ 'అనగనగా'. మళ్ళీ మిక్సీ. అందులో ఏముంది? ఏమీ లేదు, ఖాళీ గిన్నె! నువ్వేం చేశావు? తలుపు దగ్గర పీట వేసుకుని కూర్చుని, సందులోంచి దాని గొంతుతోనే 'అనగనగా, అనగనగా' అని అందించావు. నేను "ఆపండే" అందామని లేచాను. 'ఆ' అనేసరికి మిక్సీ, 'పండే' అనేసరికి నువ్వు. పొద్దు వాలేదాకా సాగింది మీ కచేరీ. చివరికి మిక్సీ మాడి కంపు కొట్టి ఆగింది. ఖాళీగా తిప్పితే మాడక ఏమవుతుంది? అది కూడా మీ వదిన ఖాతాలోనే వేసింది మీ అమ్మ, "దీని మూలంగా మిక్సీ పోయింది" అని.

అప్పుడు ఇల్లంతా ఒక్కసారి చప్పుడాగింది. చదువుకోవచ్చు, కావలసినంత నిశ్శబ్దం. కానీ గడువు దాటిపోయింది.

ఆ పిల్ల బట్టలు సంచిలో పెట్టుకుంది. "ఆ పెట్టె కూడా మోసుకుపో, నీకు దానికన్నా ఎక్కువెవరున్నారు" అంది మీ అమ్మ. "అది మీ అబ్బాయిది అత్తయ్యా. రేకు మీద దుమ్ము పడనివ్వకండి" అంది మీ వదిన. నా కాళ్ళకి దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. పెట్టె అలా నడుస్తూనే ఉంది, చప్పుడు లేకుండా. ఎవరూ ఆపలేదు, ఎందుకంటే నడుస్తోందని మీకెవరికీ తెలీదు.

తెల్లారాక తెలిసింది. తెలియగానే అందులో రికార్డయిన ఆ చదువంతా నీ చేత చెరిపించింది మీ అమ్మ. చెరిపేశావు. సరే. పెట్టెలో లేకపోతే ఏం, నీ గొంతులో ఉందిగా.

రాయడం అయింది, ఇక కలం పక్కన పెట్టి విను. మీ అన్న మళ్ళీ ఫోన్ చేస్తాడు. మీ అమ్మ అందుకోకముందే నువ్వందుకుని ఇదంతా వాడికి చదివి వినిపించు. పక్కనే కూర్చుంటాను. ఒక్క ముక్క మింగావో, మళ్ళీ మొదట్నుంచీ. చివర్న వాడు "తాతయ్యా, అంతా చదివిందా?" అని అడుగుతాడు. 'ఊఁ' అనో 'లేదు' అనో చెప్పడానికి నాకు ఎక్కువసేపు పట్టదు, ఆ ఒక్క మాటకి లైను ఆగుతుంది.

ఇంకొకటి. ఆస్పత్రి ఏడుపు దగ్గరకొచ్చేసరికి నీ గొంతుతో గబగబా చదివేసి పోకు. వాడు పెళ్ళాం పక్కన లేడు ఆ రోజు, అది ఎలా ఏడ్చిందో వాడికి తెలీదు. అక్కడ చదవొద్దు చిలకా. చెయ్యి. ముక్కు ఎగబీల్చడంతో సహా, అచ్చం అలాగే చేసి వాడికి వినిపించు.