దుప్పటి దులపకూడదు

నా కూతురు నర్సు కోర్సులో చేరతానన్నప్పుడు వద్దన్నాను. దాని తల్లి ఆసుపత్రిలో పోయింది. అక్కడ దుప్పటి మార్చడానికి వచ్చినవాళ్ళు మాటైనా చెప్పకుండా ఆమెను మూటలా దొర్లించేవారు. వాళ్ళను నేను క్షమించలేదు. ఇది పోయి వాళ్ళలో కలవడం నాకు మింగుడుపడలేదు.

అది నా మాట వినలేదు. పగలంతా హోటల్లో గదులు సర్దుతుంది. సాయంత్రం కాలేజీకి పోతుంది. ఇద్దరు ఆడపిల్లలు. అల్లుడెక్కడ అని నన్నెవరూ అడగొద్దు. పిల్లలకు తిండి పెట్టేదీ జడలు వేసేదీ నేనే. జడలు వంకరగానే వస్తాయి.

మొదటి ప్రాక్టికల్ పరీక్ష తప్పింది. రోగి మంచం మీద ఉండగానే దుప్పటి మార్చాలి. కొత్త దుప్పటి చేతికి రాగానే అంచులు పట్టుకుని పైకి విసిరి ఫట్‌మని దులిపిందట. హోటల్లో అలాగే చెయ్యాలి, ఒక్క విసురుకు మంచమంతా పరుచుకోవాలి. ఆసుపత్రిలో దులిపితే క్రిములు పక్క మంచాల మీదికి ఎగురుతాయి. మేడమ్ అక్కడికక్కడే ఆపేసింది. ఇంకొక్కసారి చూస్తాం, అప్పుడూ తప్పితే ఈ ఏడాది చదువు పోయినట్టే అంది.

"దులపకూడదని తెలియదా నీకు?" అన్నాను.

"నాకు తెలుసు నాన్నా. నా చేతులకే తెలియదు."

సెలవు రోజున మంచం ఖాళీ చేసింది. "రోగి కావాలి" అంది.

"ఈ ఇంట్లో రోగులెవరూ లేరు."

"తాతయ్యా, నీకు రోజూ నడుంనొప్పేగా!" అంది పెద్ద మనవరాలు. పడుకున్నాను.

నా కూతురు వంగి, "మిమ్మల్ని గోడవైపు తిప్పుతున్నాను. భయపడకండి" అంది.

"ఈ మర్యాద ఎప్పట్నుంచి?"

"రోగితో అలాగే మాట్లాడాలి."

"మరి తండ్రితో?"

"తండ్రైతే నోరు మూసుకుని తిరగమంటాను."

భుజం కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి పెట్టి తిప్పింది. నొప్పి తెలియలేదు. పాత దుప్పటిని నా వీపు దాకా చుట్టింది. కొత్తది తీసింది. ఫట్!

"ఫెయిల్!" అని అరిచింది చిన్నది. దానికి ఆ రోజు పండగే.

నాలుగైదుసార్లు ఫెయిలయ్యాక పిల్లలిద్దరూ తమ రిబ్బన్లతో తల్లి మోచేతులను నడుముకు కట్టేశారు. చేతులు పైకి లేవలేదు. దుప్పటిని మంచం మీదే పెట్టి, మడత తర్వాత మడత విప్పింది. పాసయింది. మర్నాడు హోటల్‌కు వెళ్ళి పొద్దంతా దులిపి వచ్చింది. సాయంత్రం మళ్ళీ ఫట్.

"ఇలా కాదు. అక్కడా మానేస్తాను" అంది.

హోటల్లో కూడా దులపడం మానేసింది. పని నెమ్మదించింది. మధ్యాహ్నం తినే వేళ కూడా గదులకే పోయింది. సూపర్‌వైజరు తలుపు దగ్గర నిలబడి, "ఏమ్మా, దుప్పటికి జోల పాడుతున్నావా? కింద గెస్టులు పెట్టెలతో నిలబడ్డారు" అందట. ఇది ఇంకో మడత విప్పిందట.

"ఉద్యోగం పోతే?" అన్నాను.

"పోతే ఇంకో హోటల్ చూసుకుంటా. ఏడాది పోతే ఎక్కడ వెతుక్కోను?"



రెండోసారి పరీక్ష రోజున ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే గడప మీద కూలబడింది. పిల్లలు చుట్టుముట్టారు.

"చేతులు గుండెల దాకా లేచాయి నాన్నా. మేడమ్ కళ్ళు నా చేతుల మీదే ఉన్నాయి. అక్కడే ఆపేశాను. మెల్లగా దించి పరిచాను."

"తర్వాత?"

"ఎందుకంత ఆలస్యం అంది. పాస్ చేసింది."

ఆ వారమే హోటల్లో దాన్ని గదుల పని నుంచి తీసేసి బాత్రూములు కడగడానికి వేశారు. వాళ్ళనూ నేను క్షమించను. అది మాత్రం, "మంచిదేలే నాన్నా, అక్కడ దులపడానికేమీ ఉండదు" అని నవ్వింది.

తర్వాతి పాఠం మంచం మీదే రోగికి ఒళ్ళు తుడవడమట. నేను కుదరదన్నాను. నా మాట పూర్తికాకముందే చిన్నది బకెట్ తీసుకుని కుళాయి దగ్గరికి పరుగెత్తింది.