స్టార్టరుకు తీసిన దిష్టి

మా మిరపచేలో బోరు మోటారుకి ఫోను స్టార్టరు పెట్టించి రెండేళ్లయింది. ఇరవై రెండు వేలు పోశాను. నా మోకాళ్లు అరిగిపోయాయి, చేనేమో ఊరికి మైలు దూరం. చేలో కరెంటు రాగానే ఆ స్టార్టరే నాకు ఫోను చేసి "కరెంటు వచ్చింది" అని తెలుగులో చెప్పేది. ఒకటి నొక్కితే మోటారు తిరిగేది, రెండు నొక్కితే ఆగేది. అక్షరం ముక్క రాని నాకు ఆ రెండంకెలూ చాలు. మంచంలో కూర్చునే ఎకరన్నర తడిపాను.

ఈ ఏడు చేను నిండుపూత మీదుండగా ఆ గొంతు ఆగిపోయింది. నేనే ఫోను చేస్తే, ఆ సౌకర్యం తీసేశామనీ ఇకనుంచి యాప్ వాడాలనీ వేరే ఎవత్తో చెప్పింది. నాది బటన్ల ఫోను. అందులో యాప్ పట్టదు. పట్టినా అంతా ఇంగ్లీషేనట. పక్క చేను సుబ్బరావమ్మదీ అదే స్టార్టరు, అదే గతి. కంపెనీవాళ్లు ఎక్కడో కూర్చుని అప్‌డేట్ పంపారట. నా డబ్బుతో కొన్న వస్తువులోకి నన్నడక్కుండా చెయ్యిపెట్టి తీసుకుపోతే, దాన్ని మా ఊళ్లో దొంగతనమనే అంటారు.

కర్ర పట్టుకుని చేలోకి పోయి కరెంటు కోసం కూర్చునేదాన్ని. నేను ఇల్లు చేరాక అది వచ్చేది. ఐదు రోజులకి సగం పూత రాలి మట్టిలో పడింది.

చిలకలూరిపేట హైవే మీద, దాన్ని నాకు అమ్మిన లక్ష్మీకాంత్ షాపుకి పోయాను. ఏసీ గది, అద్దాల తలుపు, గుమ్మానికి నిమ్మకాయా మిరపకాయలూ. తన చేతిలో ఏమీ లేదనీ, పెద్ద ఫోను కొనుక్కోమనీ అన్నాడు. నేను కదలకపోయేసరికి నవ్వాడు.

"మొన్నటిదాకా బంగారంలా పనిచేసింది కదా జాన్‌బీ గారూ. ఎవరి దిష్టో తగిలుంటుంది."

ఆ మాటని కొంగున ముడేసుకుని ఇంటికొచ్చాను. సోమవారం కొత్త మోడలు చూపించడానికి రైతుల్ని పిలిచాడని అక్కడే విన్నాను.

దిష్టి సంగతి మా వైపు అందరికీ తెలుసు. మిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేస్తే, దిష్టి ఉంటే ఘాటు రాదు. ఘాటొచ్చిందంటే దిష్టి లేనట్టే. సాయిబులమైనా మా ఇంట్లోనూ అదే లెక్క.

సోమవారం పొద్దున్నే మా ఇద్దరి స్టార్టరు పెట్టెలూ విప్పించి, సుబ్బరావమ్మా నేనూ ఆటో ఎక్కాం. మట్టిమూకుడూ, ఘాటుకి పేరుపడ్డ తేజ రకం ఎండుమిరపకాయలు దోసెడూ నా ఒళ్లో ఉన్నాయి. షాపు పక్కన ఇస్త్రీ బండి నాగూర్ వలి మూకుడు నిండా నిప్పులు పోసిచ్చాడు. లోపల ముప్పై మంది రైతులు కుర్చీల్లో ఉన్నారు. లక్ష్మీకాంత్ మైకు పట్టుకుని కొత్త పెట్టె గొప్పలు చెబుతున్నాడు.

"దిష్టన్నావుగా నాయనా, తీద్దామని వచ్చాను" అన్నాను.

దిష్టి తీస్తానన్న ముసలిదాన్ని ఆపడానికి ఎవరికి చెయ్యాడుతుంది? పైగా దిష్టన్నది తనేనాయె. బల్లమీద స్టార్టర్లు పెట్టి, వాటి చుట్టూ కాయలు మూడుసార్లు తిప్పి, అన్నీ ఒక్కసారే నిప్పుల్లో వేశాను. సుబ్బరావమ్మ తలుపు తీసి రైతుల్ని బయటికి పంపేసింది. లక్ష్మీకాంత్ బల్లకి అవతల, గోడవైపు చిక్కుకున్నాడు. మూకుడుతో దారికి అడ్డంగా నిలబడ్డాను. నలభై ఏళ్లు కల్లాల్లో కాయలు ఏరిన ముక్కు నాది.

"దగ్గొస్తోందా నాయనా?"

తలూపాడు. కళ్లు పండుకాయల్లా అయ్యాయి.

"అయితే దిష్టి కాదు. మనిషి చేసిన పనే. ఆ మనిషికి ఫోను చెయ్యి."

రైతులు అద్దం బయట నిలబడి చూస్తున్నారు. ఒక్కడూ లోపలికి రాలేదు. వాళ్లలో నలుగురివి మా స్టార్టర్లలాంటివేనట. లక్ష్మీకాంత్ దగ్గుతూనే కంపెనీకి ఫోను చేశాడు. తెలుగులో ఫోను చేసే ఆ పాత పద్ధతి మళ్లీ వేయించకపోతే ఈ చుట్టుపక్కల పెట్టె ఒక్కటి కూడా అమ్ముడుపోదని బతిమాలాడు. ఫోనులో కంపెనీ ఆయన సరేననేదాకా నేను మూకుడు దించలేదు.

బుధవారం కంపెనీ మనిషొచ్చి పాతది ఎక్కించి, పెట్టెలు రెండూ చేలల్లో బిగించి పోయాడు. మర్నాడు పొద్దున "కరెంటు వచ్చింది" అని ఫోను. ఒకటి నొక్కాను.

రాలిన పూత మాత్రం తిరిగి కొమ్మెక్కలేదు. లక్ష్మీకాంత్ గొంతు వారం రోజులు పూడుకుపోయిందని తెలిసి సుబ్బరావమ్మ అయ్యో పాపం అంది. నేననలేదు. మూకుడు కడిగి, అటకెక్కించకుండా, చేతికందే చోట బోర్లించాను. ఇంకో దోసెడు తేజ కాయలు బాగా ఎండబెట్టి దాని పక్కనే పెట్టాను. అప్‌డేట్లు మళ్లీ వస్తుంటాయట.